నల్లమందు: మన పూర్వ వైద్యులు, ఫఖీహులు చూపిన బాట

హిజ్రీ 10వ శతాబ్దంలో, అనగా క్రీస్తు శకం 16వ శతాబ్దంలో, మక్కా నగరంలో నివసించిన షాఫయీ ధర్మవేత్త ఇబ్ను హజర్ హైతమీ (రహ్మ) ముందుకు ఒక ప్రశ్న వచ్చింది. ఒక వ్యక్తి నల్లమందు వంటి పదార్థం తినటానికి అలవాటుపడ్డాడు. ఇప్పుడది మానితే ప్రాణం నిలవని స్థితికి వచ్చాడు. అతడు ఏమి చేయాలి?

ప్రశ్న చిన్నదే. "అది నిషిద్ధం, ఈ క్షణమే మానవలసింది" అని ఒక్క మాటలో తేల్చివేయవచ్చు. లేదా "పాపం, రోగి కదా, తిననివ్వండి" అని ఊరుకోవచ్చు. ఇబ్ను హజర్ (రహ్మ) ఈ రెండు దారులనూ త్రోసిపుచ్చి మూడవ దారి చూపారు. సుమారు మూడు శతాబ్దాల తరువాత డమాస్కస్‌కు చెందిన హనఫీ విద్వాంసుడు ఇబ్ను ఆబిదీన్ (మరణం 1836) ఆ సమాధానాన్ని తమ ‘రద్దుల్ ముహ్తార్’లో పొందుపరచారు. మన దేశపు దారుల్ ఇఫ్తాలలో ముఫ్తీలు నిత్యం సంప్రదించే గ్రంథమది.

మద్రసాలో చదువుకునే రోజుల్లోనే ఆ వాక్యాలు నా కంటబడ్డాయి. ‘తంబీహ్’ అనే చిన్న శీర్షిక క్రింద ఉన్న ఆ నాలుగు పంక్తులు పరీక్షకు అవసరపడేవి కావు. చదివి పుట తిప్పేశాను. చాలా ఏళ్ల తరువాత మా ఇంట జరిగిన ఒక సంఘటన వాటిని నా చేత తిరిగి చదివించింది.

మా చిచ్చాకు నడుము పూసలు అరిగి, కాలిలోకి దిగే నరాల నొప్పి ఏళ్ల తరబడి ఉండేది. పట్టణంలోని ఒక వైద్యుడు ట్రామడాల్ మాత్రలు వ్రాశాడు. మొదట రోజుకు ఒకటి, తరువాత రెండు, మూడవ ఏటికి నాలుగు. ఆ మాత్ర నల్లమందు తీరున పనిచేసేదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఒక రమజాన్‌కు రెండు రోజుల ముందు మసీదు మెట్ల మీద ఎవరో, "అది నషా మందు మియా, అది తింటూ రోజా ఎట్లా ఉంటావు?" అన్నారు. చిచ్చా ఇంటికి వచ్చి మాత్రలన్నీ మోరీలో పారబోశాడు. మూడవ రోజుకు ఒళ్లంతా చెమటలు, వణుకు, కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు. కంటికి కునుకు లేదు. నడుము నొప్పి మునుపటికంటె రెట్టింపయింది. ఇంటివాళ్లం కలరా అనుకున్నాం. ఏ రోజాల కోసమని మాత్రలు పారబోశాడో ఆ రోజాలే పోయాయి. తీసుకువెళ్లిన ఆసుపత్రిలో మొదటి రోజు ఏమీ అంతుపట్టలేదు. రెండవ రోజు ఒక యువ వైద్యురాలు, "ఈ మధ్య ఏ మందైనా ఉన్నట్టుండి మానేశారా బాబాయిగారూ?" అని అడిగింది. అక్కడితో చిక్కు విడిపోయింది. ఆమె ఆ మందునే తిరిగి మొదలుపెట్టించి, దానిని నెలల తరబడి మెల్లగా తగ్గించే క్రమాన్ని ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చింది.

ఆ కాగితం చూసినప్పుడు నాకు ‘రద్దుల్ ముహ్తార్’లోని తంబీహ్ గుర్తుకు వచ్చింది. మసీదు మెట్ల మీద ధర్మం పేరిట పలికిన సలహాకూ, ధర్మగ్రంథంలో వ్రాసి ఉన్న సలహాకూ ఎంత దూరమో అప్పుడు తెలిసింది. ఆ దూరాన్ని కొంతైనా తగ్గించే ఉద్దేశ్యంతో ఈ వ్యాసం వ్రాయడమైనది.

వైద్యులు ఏమన్నారు?

తెలుగువారు నల్లమందు అనీ, అరబ్బులు అఫ్యూన్ అనీ పిలిచే పదార్థం గసగసాల మొక్క పచ్చికాయకు గాటు పెట్టినప్పుడు కారే పాలే. గాలి సోకి నల్లబడి గట్టిపడుతుంది. అఫ్యూన్ అనే పేరు గ్రీకు భాష నుండి వచ్చింది. అక్కడ దాని మూలార్థం ‘రసం’. గ్రీకు వైద్య గ్రంథాలు అరబీలోకి అనువాదమైనప్పుడు ఈ మందు కూడా ఇస్లామీయ వైద్యంలో స్థిరపడింది.

ఇబ్ను సీనా (980–1037) తమ ‘అల్ ఖానూన్’ మొదటి సంపుటంలో నొప్పిని శమింపజేసే పద్ధతులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయం కేటాయించారు. నొప్పిని తగ్గించే మార్గాలు మూడని ఆయన విభజన. మొదటిది, నొప్పికి కారణమైన శరీర ప్రకృతిని సరిదిద్దటం. రెండవది, నొప్పి కలిగిస్తున్న పదార్థాన్ని కరిగించి వెళ్లగొట్టడం. మూడవది, స్పర్శనే మొద్దుబార్చటం. ఈ మూడవ కోవకు చెందిన మందులను ‘ముఖద్దిరాత్’ అన్నారు. వాటిలో అన్నింటికంటె బలమైనది నల్లమందు. మొదటి రెండు మార్గాలు జబ్బును తొలగిస్తాయి. మూడవది బాధ తెలియకుండా మాత్రమే చేస్తుంది. కనుక వైద్యుని చూపు ముందు కారణం మీద నిలవాలి.

అంతమాత్రాన ఇబ్ను సీనా మూడవ మార్గాన్ని మూసివేయలేదు. వైద్యుడు రెండు హానులను త్రాసులో వేసి తూచాలన్నారు: నొప్పి వల్ల కలిగే హాని ఒకవైపు, మందు వల్ల కలిగే హాని మరొకవైపు. తీవ్రమైన నొప్పి రోగిని చంపివేయవచ్చు. మొద్దుబార్చే మందు వేరొక రీతిగా హాని చేసినా ప్రాణం తీయకపోవచ్చు, ఆ హానిని తరువాత సరిదిద్దుకొనే వీలూ ఉండవచ్చు. అటువంటప్పుడు మందు ఇవ్వవలసిందే. అయితే ఆ కోవలో తేలికైనదానిని ఎన్నుకోవాలి. విరుగుడు దినుసులతో కలిపి వాడాలి. వెయ్యేళ్ల నాటి శరీర శాస్త్రం నేటికి చెల్లకపోవచ్చు గాని, ఈ త్రాసు చెల్లుతుంది.

ఇబ్ను సీనా చివరి రోజుల గురించి ఆయన శిష్యుడు జూజ్జానీ వ్రాసిన వృత్తాంతం ఈ సందర్భంలో తలచుకోదగినది. శూల వ్యాధితో బాధపడుతున్న గురువు కోసం తయారైన మందులో సేవకులలో ఒకరు నల్లమందు మోతాదుకు మించి కలిపారట. ధనాగారం నుండి దొంగిలించిన సొమ్ము బయటపడుతుందన్న భయంతో అలా చేశారని జూజ్జానీ కథనం. మోతాదు విషయంలో లోకానికి పాఠం చెప్పిన వైద్యుని మందులోనే మోతాదు తప్పింది.

ఆయన సమకాలికుడు అల్ బిరూనీ (973–1048) తమ జీవిత సంధ్యలో ఘజ్నీలో కూర్చిన ఔషధ గ్రంథం ‘కితాబుస్ సైదనా’లో మరొక విషయం నమోదు చేశారు. ఉష్ణ ప్రాంతాల వారు, ముఖ్యంగా మక్కావాసులు, దిగులు పోవటానికీ, దేహతాపం చల్లారటానికీ, నిద్ర పట్టటానికీ దినదినమూ నల్లమందు సేవించటం అలవాటు చేసుకున్నారనీ, అల్పమైన మోతాదుతో మొదలుపెట్టి క్రమంగా ఇతరులకు ప్రాణాంతకమైన మోతాదు దాకా పోతారనీ వ్రాశారు. శరీరం మందుకు అలవాటుపడుతుంది, అలవాటుపడిన కొద్దీ మోతాదు పెంచవలసి వస్తుంది అన్న నేటి వైద్యుల మాట అప్పటికే గ్రంథస్థమైనదన్నమాట. మా చిచ్చా ఒక మాత్రతో మొదలుపెట్టి నాలుగింటికి చేరటంలో ఉన్నదీ ఇదే.

ఫఖీహులు ఏమన్నారు?

మద్యం గురించి ఖుర్ఆన్ ఆదేశం స్పష్టం. నల్లమందు పేరు ఖుర్ఆన్‌లో గాని, హదీసులలో గాని లేదు. కాబట్టి దాని తీర్పు ఫఖీహుల ఆలోచనకు వదిలివేయబడింది. కైరోలో జీవించిన మాలికీ విద్వాంసుడు ఖరాఫీ (మరణం 1285) తమ ‘అల్ ఫురూఖ్’లో తెలివిని మరుగుపరచే పదార్థాలను మూడుగా విభజించారు. ఉల్లాసాన్ని, ఉద్రేకాన్ని కలిగిస్తూ తెలివిని కప్పేది ‘ముస్కిర్’. నిద్రపుచ్చి ఇంద్రియాలను స్తంభింపజేసేది ‘ముర్ఖిద్’. ఉల్లాసం కలిగించకుండా తెలివిని చెదరగొట్టేది ‘ముఫ్సిద్’. మొదటిదానికి వర్తించే తీర్పులన్నీ మిగిలిన రెండింటికీ వర్తించవని ఆయన వాదన. నల్లమందు దగ్గర ఉంచుకొని నమాజు చేసినవాని నమాజు చెడదు. తెలివిని తాకనంత అల్ప పరిమాణంలో దానిని తీసుకోవచ్చును. హషీష్ విషయంలో ఇబ్ను తైమియా (మరణం 1328) ఇంతకంటె కఠినంగా, దానిని మత్తు పదార్థాల కోవలోనే చేర్చారు. అభిప్రాయ భేదం ఉన్నదన్నది వాస్తవం. కాని తెలివి పోయేటట్లు వినోదానికి తినటం వేరు, బాధ తగ్గేటందుకు అవసరమైనంత తీసుకోవటం వేరు అన్న భేదాన్ని ఫఖీహులు గుర్తించారు. మసీదు మెట్ల మీద ‘నషా’ అన్న ఒక్క మాటలో ఆ భేదం మరుగున పడిపోయింది.

ఇక ఇబ్ను హజర్ హైతమీ (1504–1567) సమాధానాన్ని భాగాలుగా చూద్దాం. మొదటి భాగం: మానితే ప్రాణం పోతుందని నిశ్చయంగా తెలిసినట్లయితే అతడు దానిని తినటం ధర్మసమ్మతమే. అంతే కాదు, అది అతనికి విధి కూడా. ఆకలితో చావుకు సిద్ధమైనవానికి చచ్చిన జంతువు మాంసం ఎలా అనుమతించబడినదో ఇదీ అలాగే. రెండవ భాగం: అయితే దానిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ పోవటం కూడా అతనికి విధి. ఎంత మెల్లగా అంటే, కడుపుకు తెలియకుండానే దాని మీద ఉన్న వెంపర్లాట పోవాలి. మూడవ భాగం: ఇలా తగ్గించుకొనే ప్రయత్నం మానివేసినవాడు పాపి అవుతాడు. ఈ తీర్పును ఉదహరించి, పాలస్తీనాలోని రమ్లా నగరానికి చెందిన హనఫీ విద్వాంసుడు ఖైరుద్దీన్ రమ్లీ (మరణం 1671) తమ మజ్హబ్ సూత్రాలు దీనికి విరుద్ధం కావన్నారు.

ఇందులో పాపం ఎక్కడ నిలబడిందో గమనించండి. ప్రాణావసరంలో ఉన్నవాడు ఈ పూట మందు తీసుకోవటంలో పాపం లేదు. తగ్గించుకొనే బాట పట్టకపోవటంలో ఉంది. మనవాళ్లు సాధారణంగా దీనిని తలక్రిందులు చేసి చూస్తారు: మాత్ర మింగిన ప్రతిసారీ రోగి సిగ్గుపడాలంటారు, తగ్గించే క్రమం గురించి మాత్రం ఒక్కరూ అడగరు. రెండవ విషయం, తగ్గించే వేగాన్ని ఇబ్ను హజర్ (రహ్మ) రోజుల లెక్కకు అప్పగించలేదు, శరీరానికి అప్పగించారు. కడుపుకు తెలియకూడదన్నదే ఆయన పెట్టిన కొలత.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. ఆ తీర్పు ప్రాణాపాయం నిశ్చయమైన సందర్భానికి గదా, నేటి నొప్పి రోగికి ఎట్లా వర్తిస్తుంది? ఈ మందులు హఠాత్తుగా మానటం వల్ల ఆరోగ్యవంతుడు సాధారణంగా మరణించడు, అది నిజమే. కాని వృద్ధులలో, గుండెజబ్బు ఉన్నవారిలో వాంతులు, విరేచనాలు నీటిశోషకు దారితీసి ప్రమాదం కావచ్చు. భరించలేని నొప్పి తిరగబెట్టి ఆత్మహత్యకు పాల్పడినవారూ ఉన్నారు. అన్నింటికంటె పెద్ద ప్రమాదం మరొకటి: కొన్ని వారాలు మానినవాని శరీరం అలవాటు కోల్పోతుంది, బాధకు తాళలేక అతడు పాత మోతాదే ఒక్కసారిగా తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. కనుక అపాయం ఎంతో నిర్ణయించవలసినది రోగిని పరీక్షించిన వైద్యుడు. ఫిఖ్‌హ్‌లో జరూరత్ తరువాత హాజత్ అనే మెట్టు కూడా ఉంది. పైగా ఇబ్ను హజర్ (రహ్మ) ముందున్న ప్రశ్న అలవాటుపడి తినేవాని గురించి. అతనికే ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు, వైద్యుని మాట నమ్మి నొప్పికి మందు తిన్నవానికి ఎందుకు ఉండదు?

మంచులో నిలబడిన హకీం

మక్కాలో ఇబ్ను హజర్ (రహ్మ) ఈ తీర్పు చెబుతున్న శతాబ్దంలోనే, సఫవీల ఇరాన్‌లో ఒక వైద్యుడు ఇదే సమస్యను తన దేహంలోనే అనుభవిస్తున్నాడు. ఆయన హకీం ఇమాదుద్దీన్ మహ్మూద్ షీరాజీ. షిర్వాన్ పాలకుడు అబ్దుల్లా ఖాన్ ఉస్తాజ్లూ కొలువులో ఉండగా, ఆ పాలకునికి కోపం వచ్చి ఆయనను రాత్రంతా మంచులో ఉంచే శిక్ష వేశాడు. ఆ చలి నుండి ప్రాణం కాపాడుకొనేందుకు ఆయన నల్లమందు ఆశ్రయించారు. ప్రాణం దక్కింది గాని, చేతుల వణుకు జీవితాంతం వదలలేదు. నల్లమందు కూడా వదలలేదు. తరువాతి కాలంలో ఆయన మష్హద్‌లోని ఆసుపత్రిలో వైద్యుడుగా పనిచేశారు.

ఆయన పారసీలో వ్రాసిన ‘అఫ్యూనియ్యా’ ఈ విషయం మీద వచ్చిన ప్రత్యేక గ్రంథాలలో ప్రముఖమైనది. నల్లమందు గుణదోషాలు, అసలుకూ కల్తీకీ తేడా, తినక తప్పనివారు ఎట్లా తింటే హాని తక్కువ, అతిగా తిన్నవానికి చికిత్స, చివరకు మానటం ఎట్లా అన్న విషయాలు అందులో ఉన్నాయి. మానే పద్ధతి క్రమంగా తగ్గించటం, దాని స్థానంలో వేరే మందులను ప్రవేశపెట్టటం. రోగిని దూషించి లాభం లేదని ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేదు, తానే రోగి గనుక. హాని పూర్తిగా పోగొట్టలేనప్పుడు తగ్గించటమైనా చేయాలన్న దృష్టి పుస్తకమంతటా కనిపిస్తుంది.

మక్కా ముఫ్తీ ధర్మం వైపు నుండి, షీరాజ్ హకీం వైద్యం వైపు నుండి నడిచి ఒకే చోటికి చేరారు: కొద్దికొద్దిగా.

జహంగీర్ గురివింద గింజలు

పారసీ వైద్యం మన దేశంలోనూ వ్యాపించింది. ఇరానీ హకీములు మొగలు దర్బారులోనూ, దక్కన్ సుల్తానుల కొలువులలోనూ స్థానం సంపాదించారు. వారితోబాటు నల్లమందు చేరిన ‘ఫిలూనియా’ వంటి లేహ్యాలు కూడా దర్బారులలో కనిపించసాగాయి.

జహంగీర్ చక్రవర్తి తన ఆత్మకథలో తన వ్యసనాల లెక్క దాచకుండా వ్రాసుకున్నాడు. యౌవనంలో రోజుకు 20 పాత్రల గాఢమైన సారాయి తాగి, చేతులు వణికి పాత్ర పట్టుకోలేని స్థితికి వచ్చాడు. హకీం హుమాం గట్టిగా హెచ్చరించిన మీదట 7 సంవత్సరాల కాలంలో దానిని 6 పాత్రలకు తగ్గించాడు. కాని సారాయి తగ్గిన కొద్దీ ఫిలూనియా పెంచినట్లు కూడా అతడే వ్రాశాడు. 46 ఏళ్ల వయసులో పగలు 8 సుర్ఖ్‌లు, రాత్రి 6 సుర్ఖ్‌లు నల్లమందు తీసుకొనేవాడు. సుర్ఖ్ అనగా మన కంసాలుల తూకంలోని గురివింద గింజ ఎత్తు. సుమారు 120 మిల్లీగ్రాములు. అనగా రోజుకు ఒకటిన్నర గ్రాములకు పైచిలుకు. ఒక హానిని తగ్గించటానికి తెచ్చుకున్న మందు రెండవ హాని కావచ్చునన్న హెచ్చరిక ఇందులో ఉంది. బదులు మందు మంచిదే. దానికీ కొలత, పర్యవేక్షణ ఉన్నప్పుడే.

1618లో జహంగీర్ తన కొలువులోని ఇనాయత్ ఖాన్ అవస్థను వర్ణించాడు. ఇనాయత్ ఖాన్ నల్లమందుకు బానిస. వీలైనప్పుడు దానికి మద్యం కూడా తోడయ్యేది. చివరకు ఎముకల గూడు మీద చర్మం కప్పినట్లయ్యాడు. వైద్యం చేయించినా ఫలించలేదు. ఇటువంటి రూపం మునుపెన్నడూ చూడలేదని ఆశ్చర్యపోయి చక్రవర్తి చిత్రకారుల చేత బొమ్మ వ్రాయించాడు. ఖర్చులకు 2,000 రూపాయలు ఇచ్చి పంపాడు. రెండవ రోజున ఇనాయత్ ఖాన్ మరణించాడు. దిండ్లకు ఆనుకొని కూర్చున్న ఆ క్షీణ రూపం ఆక్స్‌ఫర్డ్ లోని బోడ్లియన్ గ్రంథాలయంలో నేటికీ ఉంది. మద్యం వంటి ఊపిరిని మందగింపజేసే వస్తువు నల్లమందుకు తోడైతే అపాయం ఇనుమడిస్తుందని నేటి వైద్యులు హెచ్చరిస్తున్నారు. నిద్రమాత్రలకు కూడా ఇది వర్తిస్తుంది.

మాత్రల యుగం

19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో జర్మన్ ఔషధకారుడు సెర్ట్యూర్నర్ నల్లమందు నుండి మార్ఫీన్‌ను వేరుచేశాడు. 1853లో ఎడిన్‌బరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ సూదిమందు వాడకం ప్రారంభించాడు. 1898లో బేయర్ కంపెనీ హెరాయిన్‌ను దగ్గుమందుగా అమ్మకానికి పెట్టింది, అలవాటు కాని మందన్న పేరుతో. 1996లో అమెరికాలో పర్డ్యూ కంపెనీ ఆక్సీకాంటిన్ అనే మాత్రను విడుదల చేసి, దీనికి అలవాటుపడే ప్రమాదం తక్కువని ప్రచారం చేసింది. ఆ ప్రచారం తప్పుదోవ పట్టించేదని 2007లో న్యాయస్థానంలో నేరం అంగీకరించి 60 కోట్ల డాలర్లకు పైగా చెల్లించవలసి వచ్చింది. అప్పటికే ఎంతో నష్టం జరిగిపోయింది. 2012లో ఆ దేశంలో ఈ జాతి మందులకు 25 కోట్లకు పైగా చీటీలు వ్రాయబడ్డాయి. నడుము నొప్పి వంటి దీర్ఘకాలిక బాధలకు మాత్రలు తొలి మార్గమై కూర్చున్నాయి. ఇబ్ను సీనా మూడవ స్థానంలో ఉంచినది మొదటి స్థానానికి వచ్చింది.

అటు తరువాత అమెరికా రెండవ కొసకు మొగ్గింది. 2016లో అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ మోతాదుల మీద జాగ్రత్తలు సూచిస్తూ మార్గదర్శకాలు వెలువరించింది. అనేకులు వాటిని కత్తిలాగా వాడి, ఏళ్ల తరబడి మందు మీద ఉన్న రోగులకు హఠాత్తుగా ఆపివేశారు. ఫలితంగా కొందరు తీవ్రమైన బాధకూ, కొందరు ఆత్మహత్యా ప్రయత్నాలకూ, మరికొందరు వీధిలో దొరికే విషానికీ లోనయ్యారు. 2019లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ అలా ఆపవద్దని హెచ్చరించవలసి వచ్చింది. 2022లో సవరించిన మార్గదర్శకాలు, ఏడాదికి పైగా మందు వాడినవారికి నెలకు 10 శాతం, లేదా అంతకంటె మెల్లగా తగ్గించటం ఎక్కువగా సహించదగినదని పేర్కొన్నాయి. రోగికి కష్టమైతే కొంతకాలం ఆగి తిరిగి మొదలుపెట్టవచ్చు. కడుపుకు తెలియకుండా అన్న మక్కా తీర్పుకు ఇంతకంటె దగ్గరి వ్యాఖ్యానం ఏముంటుంది?

మన దేశపు చరిత్ర వేరు. ప్రభుత్వ అనుమతితో గసగసాలు పండించి నల్లమందు సేకరించే దేశం మనది. ఘాజీపూర్, నీమచ్‌లలో ప్రభుత్వ కర్మాగారాలున్నాయి. అయినా 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం కఠిన శిక్షలకూ, లెక్కలేనన్ని లైసెన్సులకూ భయపడి ఆసుపత్రులు మార్ఫీన్ నిల్వ చేయటమే మానివేశాయి. తరువాతి పదేళ్ల పైచిలుకు కాలంలో వైద్యానికి వాడే మార్ఫీన్ 90 శాతానికి మించి పడిపోయింది. క్యాన్సర్ రోగులు కేకలు పెడుతూ మరణించారు. క్యాన్సర్ నొప్పికి మార్ఫీన్ తగిన మందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించి ఉంది. 2014లో చట్టాన్ని సవరించి మార్ఫీన్ వంటి మందులకు సులభమైన అనుమతి విధానం కల్పించారు. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల నొప్పి ఉపశమనానికి ప్రత్యేక విభాగాలు ఏర్పడ్డాయి. మరోవైపు, చీటీ లేకుండానే దుకాణాలలో దొరికిపోతున్న ట్రామడాల్‌ను 2018లో అదే చట్టం పరిధిలోకి తెచ్చారు. ఒకచోట అక్కరకు అందని మందు, మరొకచోట అక్కర లేకుండా అందిన మందు: రెండూ హానులే.

ఇరాన్ అనుభవం కూడా చెప్పుకోదగినది. 1955లో అక్కడ గసగసాల సాగు నిషేధించారు. 1969లో 60 ఏళ్లు దాటినవారికీ, రోగులకూ పేరు నమోదు మీద నల్లమందు ఇచ్చే పద్ధతి ప్రవేశపెట్టారు. 1979 విప్లవం తరువాత అది రద్దయి శిక్షల మార్గం ప్రధానమైంది. సూదుల ద్వారా ఎయిడ్స్ వ్యాపించిన మీదట ఆలోచన మారింది. 2005లో న్యాయవ్యవస్థ అధిపతి ఆయతుల్లా షాహ్రూదీ, మెథడోన్ వంటి బదులు మందులతో జరిగే చికిత్సకు ఆటంకం కలిగించవద్దని ఆదేశాలు పంపారు. పెద్ద హానిని చిన్న హానితో తొలగించాలన్న ఫిఖ్‌హ్ సూత్రం ఉస్మానీ ‘మజల్లా’లో చట్టరూపం దాల్చినదే. అదే సూత్రం ఇక్కడ ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చింది.

మన కర్తవ్యం

ఈ చరిత్ర నుండి మన ఇళ్లకు, మసీదులకు పనికివచ్చే విషయాలు కొన్ని తేలుతున్నాయి.

మొదటిది, దీర్ఘకాలిక నొప్పికి ఇటువంటి మందు తొలి మెట్టు కాకూడదు. కారణానికి చికిత్స, వ్యాయామం, ఇతర మందులు ముందు రావాలి. వైద్యుడు చీటీ వ్రాసినప్పుడు ఇది నల్లమందు జాతిదా, ఎంతకాలం వాడాలి, ఎప్పుడు ఎట్లా ఆపాలి అని అడగటం రోగి హక్కు.

రెండవది, వాడుతున్నవారు తమంతట తాము పెంచరాదు, తమంతట తాము ఆపరాదు. మద్యం జోలికి పోనివారు కూడా నిద్రమాత్రలు కలిపి వేసుకొనే అలవాటుంటే వైద్యునికి చెప్పాలి. మెల్లగా విడుదలయ్యే మాత్రలను నూరటం, విరవటం ప్రమాదకరం. మాత్రలు పిల్లలకు అందని చోట ఉంచాలి. మనిషి పిలిచినా పలకక, ఊపిరి మందగించి, పెదవులు నీలంగా మారితే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. నలాక్సోన్ అనే విరుగుడు సమయానికి అందితే ప్రాణం దక్కుతుంది.

మూడవది, రమజాన్ విషయం. రోగికి ఉపవాసం నుండి వెసులుబాటు ఇచ్చినవాడు అల్లాహ్. దానిని వెనక్కు తీసుకొనే అధికారం పొరుగువానికి లేదు. సహ్రీ, ఇఫ్తార్ వేళలకు సరిపడేటట్లు మందు వేళలు మార్చే వీలుందేమో రమజాన్‌కు నెలా రెండు నెలల ముందే వైద్యుని అడగాలి. వీలు లేకపోతే వెసులుబాటును స్వీకరించాలి.

నాలుగవది, మరణశయ్య మీద ఉన్న క్యాన్సర్ రోగికి మార్ఫీన్ నిరాకరించటంలో తఖ్వా లేదు. అక్కడ ఇబ్ను సీనా త్రాసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు.

చివరగా, జుమా ప్రసంగాలు చేసే పెద్దలకు ఒక మనవి. మత్తు పదార్థాలను ఖండించేటప్పుడు వైద్యుని చీటీ మీద మందు వాడుతున్నవారు కూడా ఆ వరుసలలోనే కూర్చొని వింటున్నారని గుర్తుంచుకోవాలి. "మీరు ఉన్నట్టుండి మానకండి, వైద్యుని దగ్గరకు వెళ్లి మెల్లగా తగ్గించుకోండి" అన్న ఒక్క వాక్యం చేర్చితే చాలు. అది కొత్త ఫత్వా కాదు. నాలుగు వందల ఏళ్లకు పైబడినది.

మా చిచ్చా 14 నెలలు పట్టి నాలుగు మాత్రల నుండి ఒకటికి వచ్చారు. నడుము కసరత్తు, వేరే నరాల మందు కొంత సాయపడ్డాయి. చివరి మాత్ర ఇంకా పోలేదు. చలికాలంలో రెండుసార్లు ఆగవలసి వచ్చింది, వైద్యురాలు ఆగమన్నది. కుర్చీ మీద కూర్చొని నమాజు చేస్తారు. గడిచిన రమజాన్‌లో 19 రోజాలు ఉండగలిగారు. మిగిలినవాటి లెక్క మాత్రలు తగ్గిన తేదీలున్న కాగితం వెనుకనే వ్రాసిపెట్టుకున్నారు.

వల్లాహు ఆలమ్. అసలు నిజం అల్లాహ్‌కే తెలుసు.